తమ్ముడి డెమియో

2024 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే నైరోబీ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఇక్కడ పని అయిపోయింది, జూన్‌కి వచ్చేస్తున్నాం. సామాన్లు షిప్‌లో వేస్తాం. కారు కూడా వేసేద్దామా? కాగితాలు నువ్వు చూసుకుంటావుగా" అన్నాడు. కుదరదురా అని అప్పుడే అనలేకపోయాను. రేపు చెప్తానన్నాను. ఏం చెప్పాలో మాత్రం నాకు ఆ నిమిషంలోనే తెలుసు.

నేను చెన్నైలో లింగి చెట్టి వీధిలో, ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. పెళ్లయి గూడూరు నుంచి ఇక్కడికి వచ్చిన కొన్నాళ్లకే చేరాను, పంతొమ్మిదేళ్లుగా డాక్యుమెంటేషనే నా పని. మా వీధికి కూతవేటు దూరంలో హార్బరు. ఇరుంగాట్టుకోట్టైలో తయారైన హ్యుందాయ్ కార్లు అక్కడికొచ్చి, వరుసగా ఓడ కడుపులోకి నడుచుకుంటూ వెళ్లిపోతాయి. కార్ల ఓడలకి క్రేన్ అక్కర్లేదు. డ్రైవర్లు నడిపి లోపల పెట్టేస్తారు. మా తమ్ముడి దృష్టిలో, అన్ని కార్లు వెళ్లే చోటికి ఒక్క కారు రావడం ఎంత పని?

పైగా ఆ కారుని ఎంపిక చేసింది నేనే.

2019లో వాడికి నైరోబీలో కారు కావాల్సొచ్చింది. అక్కడ రోడ్డు మీద తిరిగేవాటిలో చాలా భాగం జపాన్‌లో కొన్నాళ్లు వాడాక పంపినవే. జపాన్‌లో కారు కొన్న మూడేళ్లకి మొదటిసారి, ఆ తర్వాత రెండేళ్లకోసారి 'షాకెన్' అనే తనిఖీ తప్పనిసరి. దాని ఖర్చు ఎక్కువ, అందుకని బాగా నడుస్తున్న బండినే చాలామంది అమ్మేస్తారు. వాళ్లదీ కుడివైపు స్టీరింగే, కెన్యాదీ అంతే, మనదీ అంతే. అందువల్ల ఆ కార్లు మొంబాసా రేవులో దిగుతూనే ఉంటాయి. కెన్యా నియమాలు రెండు ముఖ్యం: మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి ఎనిమిదేళ్లు దాటకూడదు, ఓడ ఎక్కకముందే జపాన్‌లో కండిషన్ తనిఖీ జరగాలి.

వాడు మొదట చేసిన లెక్క తప్పు. జపాన్ ఏజెంటు ఇచ్చిన ఇన్‌వాయిస్ మీద పన్ను వేసుకుని, డబ్బు సరిపోతుందని సంబరపడ్డాడు. కెన్యాలో పన్ను మనం కొన్న ధర మీద వెయ్యరు. ఆ మోడల్ కొత్తది ఎంత అని అక్కడి రెవెన్యూ అథారిటీకి సొంత జాబితా ఉంటుంది. కారు వయసుని బట్టి అందులోంచి కొంత తగ్గిస్తారు, మిగిలిన దాని మీద లెక్క మొదలవుతుంది. అప్పట్లో ఇంపోర్ట్ డ్యూటీ 25 శాతం, ఆ మొత్తం మీద ఎక్సైజ్, అదంతా కలిపాక 16 శాతం వ్యాట్. 1500 సీసీ లోపు ఇంజన్ అయితే ఎక్సైజ్ 20 శాతమే. "ఒరేయ్, పెద్ద బండి ఊసెత్తకు" అన్నాను. అలా 1300 సీసీ మాజ్డా డెమియో దగ్గరికి వచ్చాం.

రాత్రి వంటయ్యాక కూర్చుని, వాడు పంపిన ఆక్షన్ షీట్లు చదివేదాన్ని. ఈ షీటు గురించి కాస్త చెప్పాలి, నా మనసుకి అంత నచ్చిన కాగితం ఇంకోటి లేదు. జపాన్‌లో పాత కార్లు పెద్ద పెద్ద వేలంశాలల్లో అమ్ముడవుతాయి. అమ్మేవాడికి సంబంధం లేని ఇన్‌స్పెక్టర్ ఒకరు బండి చుట్టూ తిరిగి, ఒకే పేజీలో దాని జాతకం రాసేస్తారు. పైమూల గ్రేడ్ ఉంటుంది, లోపలి భాగానికి ఎ, బి, సి అని వేరే గ్రేడ్. కింద కారు బొమ్మ. ఎక్కడ గీత పడితే అక్కడ ఎ, సొట్ట ఉంటే యు, బాగుచేసి రంగు వేసిన చోట డబ్ల్యూ, మార్చిన భాగం దగ్గర రెండు ఎక్స్‌లు. పక్కన 1, 2, 3 అని అంకె, అది ఎంత పెద్దదో చెప్పడానికి. సంవత్సరం వాళ్ల చక్రవర్తుల లెక్కలో ఉంటుంది: హెచ్25 అంటే హేసేయి 25, అంటే 2013.

2014లో మేం ఇక్కడే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. 'సింగిల్ ఓనర్, చిన్న గీత కూడా లేదమ్మా' అన్నాడు అమ్మినాయన. ఆరు నెలలకి కుడి తలుపు కింద పుట్టీ పెచ్చులూడింది. గీత ఉందని చెప్పినా మేం కొనేవాళ్లమే. అది దాచాడన్నదే నా బాధ. అందుకే ఎవరో తెలియని మనిషి, ఎవరో తెలియని కొనుగోలుదారు కోసం, 'వెనక బంపర్ ఎడమ మూల చిన్న సొట్ట' అని రాసిపెట్టడం చూస్తే నాకు గౌరవం కలిగింది.

తమ్ముడికి ఒక ఎర్ర కారు నచ్చింది. ఫోటోల్లో నిగనిగలాడుతోంది. షీటు తెరిచి చూస్తే గ్రేడ్ దగ్గర అంకె లేదు, ఆర్ అని ఉంది. యాక్సిడెంటై రిపేరైన బండి. ఏజెంటు ఆ మాట ఎక్కడా చెప్పలేదు, షీటు అడిగితేనే పంపాడు. వద్దన్నాను. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఇంకో షీటు పంపాడు. వెండి రంగు, గ్రేడ్ 4, లోపల బి, మూడు చోట్ల ఎ1, ఒక చోట యు1. ఇది తీసుకో అన్నాను.

కారు ఓడెక్కాక బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడెక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే కాగితం) నకలు నాకు పంపమన్నాను. అలవాటు కొద్దీ ఛాసిస్ నంబరు ఒక్కో అంకె మీద వేలు పెట్టి, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్‌తో సరిచూశాను. జపాన్ లోపల అమ్మే కార్లకి మనలాగా 17 అక్షరాల నంబరు ఉండదు. డీఈ3ఎఫ్‌ఎస్ అని మోడల్ కోడ్, గీత, తర్వాత ఆరంకెలు, అంతే. ఆ ఆరంకెల్లో ఒకచోట 6 బదులు 8 పడింది. నాకు చేతులు చల్లబడ్డాయి. ఓడ మొంబాసా చేరాక ఈ తప్పు బయటపడి ఉంటే, అది సరిచేయించేలోపు రేవులో రోజుకింత అని అద్దె పడేది. ఆ రాత్రే ఏజెంటుకి మెయిల్ పెట్టించాను. నాలుగు రోజుల టెన్షన్ తర్వాత సవరించిన బీఎల్ వచ్చింది. ఈ ఉద్యోగంలో నా వేలు మా ఇంటివాళ్లకి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

కారు నైరోబీ చేరేసరికి మా మేనకోడలికి ఏడాదిన్నర. కారు స్టార్ట్ చేయగానే ఒక ఆడగొంతు జపనీస్‌లో ఏదో చెప్పేది: "ఈటీసీ కాడొ గా సోన్యూ సరెతె ఇమాసెన్". టోల్ కార్డు పెట్టలేదని అర్థం. జపాన్ టోల్ గేట్ల కోసం బిగించిన పరికరం, కెన్యాలో దానికి పనిలేదు, తీసేసే మనసు వీళ్లకి రాలేదు. పాపకి 'అత్తా' అనే మాట కంటే ముందు ఆ వాక్యం వచ్చేసింది. వీడియో కాల్‌లో నాకు అప్పజెప్పేది.

ఇవన్నీ గుర్తొస్తుంటే సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచే ఫోన్ చేశాను. విదేశాల్లో వాడిన కారు ఇండియాకి రావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదురా, మనది పదకొండో ఏడులో ఉంది అన్నాను. చెన్నై రేవులో దించడానికి అసలు వీల్లేదు, వాడిన కార్లు ముంబై రేవు నుంచే రావాలి. వచ్చాక మన దేశంలో పరీక్ష పాసవ్వాలి. ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరగగలదని సర్టిఫికెట్ ఉండాలి.

"మూడేళ్ల లోపుదే అయితే?" అన్నాడు. అది ప్రశ్న కాదు, నాకు తెలుసు. అయినా అప్పటి రేట్లతో లెక్క చెప్పాను. ఓడ ఖర్చు, బీమా కలిపి మూడు లక్షల కారనుకో. బేసిక్ డ్యూటీ 125 శాతం, అంటే 3,75,000. దాని మీద పది శాతం సర్‌చార్జ్, 37,500. అన్నీ కలిపితే 7,12,500. దాని మీద 28 శాతం జీఎస్టీ, దగ్గర దగ్గర రెండు లక్షలు. ఆపైన సెస్.

అవతల నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత "సరేలే అక్కా, పాపకి నేను చెప్తాను" అన్నాడు.

మన కార్ల ఫ్యాక్టరీల్లో ఎంతమంది పనిచేస్తున్నారో రోజూ చూస్తున్నదాన్ని, ఆ నియమం ఎందుకుందో నాకు తెలుసు. పదేళ్ల బళ్లకి తలుపు తీస్తే ఏమవుతుందో ఊహించగలను. నియమం సరైనదే అని ఇప్పటికీ అంటాను. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

మే నెలలో కారుని అక్కడే వాళ్ల పక్కింటి టీచరుగారికి అమ్మేశాడు. ఆక్షన్ షీటు ఆవిడకి కూడా ఇచ్చాడట, తను కొట్టించుకున్న రెండు కొత్త సొట్టలు పెన్నుతో బొమ్మ మీద గుర్తుపెట్టి మరీ.

జూన్‌లో దిగారు. మొదటి శనివారం అందరం మా కారులో గూడూరు బయల్దేరాం. రెడ్‌హిల్స్ దాటాక నల్లూరు టోల్ గేటు దగ్గర మా ఫాస్టాగ్ రీడ్ కాలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి, మా ఆయన కిటికీ దించి స్టిక్కర్ చూపిస్తున్నారు. వెనక సీట్లో తండ్రి ఒళ్లో నిద్రపోతోందనుకున్న పిల్ల కళ్లు తెరవకుండానే, ఆ గొంతులోనే, ఆ యాసలోనే అంది: "ఈటీసీ కాడొ గా సోన్యూ సరెతె ఇమాసెన్."

తమ్ముడు దాని తల నిమురుతూ కిటికీ వైపు తిరిగాడు. గేటు ఎత్తారు, మేం ముందుకు కదిలాం.