కొత్త చిన్న కారు: మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఏది నమ్మాలి, ఏది ఆగి చూడాలి

కొత్త హ్యాచ్‌బ్యాక్ ఇంటికొచ్చిన వారంలోనే వినిపించే ఫిర్యాదులు దాదాపు ఇవే: గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది, బ్రేకు సరిగ్గా పట్టట్లేదు, మైలేజీ రావట్లేదు. ఈ మూడింటినీ అప్పుడే బండికి అంటగట్టడం తొందరపాటు. అదే వారంలో ఎవరూ పట్టించుకోని మరికొన్ని లోపాలుంటాయి. అవి బండి ఉన్నంతకాలం మారవు. నేను నడుపుతున్నది 1.2 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్. ఇక్కడ రాసేవి ఈ తరగతి బండ్లలో చాలావాటికి వర్తిస్తాయి.

ముందు టైర్లలో గాలి చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చి యార్డులో రోజుల తరబడి నిలబడే బండ్లకు, టైరు అడుగు చదును పడకుండా గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు. డెలివరీకి ముందు దాన్ని తగ్గించాలి, కానీ ఆ పని తరచూ మర్చిపోతారు. 32, 33 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 40 దాటి కూడా ఉండొచ్చు. అంత గాలితో టైరు పక్కగోడ వంగదు. గుంతలో పడ్డ దెబ్బ నేరుగా సస్పెన్షన్‌కీ, అక్కణ్ణుంచి సీటుకీ వచ్చేస్తుంది. టైరు మధ్యభాగమే రోడ్డుకు ఆనుతుంది కాబట్టి పట్టు కూడా తగ్గుతుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అందులో ఇద్దరికి ఒక లెక్క, నిండా ఎక్కితే ఇంకో లెక్క ఉంటాయి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిచి వేడెక్కిన టైరు మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. చక్రాల వేగం తేడాను బట్టి గాలి తగ్గిందని పసిగట్టే రకం టీపీఎంఎస్ (టైరు గాలి హెచ్చరిక వ్యవస్థ) ఉంటే, గాలి సరిచేశాక మెనూలోకి వెళ్లి రీసెట్ చేయాలి. లేకపోతే అది పాత లెక్కనే సరైనదనుకుని పనిచేస్తూ ఉంటుంది. ఇదంతా అయ్యాకే రైడ్ గురించి మాట్లాడుకోవాలి.

బ్రేకుల విషయానికొస్తే, కొత్త ప్యాడ్ ముఖం డిస్కు ముఖంతో ఇంకా పూర్తిగా కలవదు. డిస్కు మీద ప్యాడ్ పదార్థం పలచటి పొరలా సమంగా పరుచుకుంటేనే పూర్తి పట్టు వస్తుంది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 60 వేగం నుంచి 10 దాకా ఓ మోస్తరు ఒత్తిడితో తగ్గించి మళ్లీ వేగం అందుకోండి. ఇలా ఎనిమిది పదిసార్లు చేశాక, కొన్ని కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లార్చాలి. మధ్యలో పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. వేడి డిస్కు మీద ప్యాడ్ ఉన్న చోటే పదార్థం అంటుకుపోతుంది, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. కొత్త టైర్లదీ ఇదే కథ. అచ్చులోంచి వచ్చిన నునుపు పైపొర అరిగేదాకా, అంటే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, తడి రోడ్డు మీద ముందు బండికి దూరం ఎక్కువే ఉంచాలి.

ఇక ఇంజన్. నాలుగు సిలిండర్ల బండి నుంచి మారినవాళ్లకు ముందు తెలిసేది ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, వణుకు. మూడు సిలిండర్లలో క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) 240 డిగ్రీలు తిరిగితే ఒక పేలుడు, నాలుగింట్లో 180 డిగ్రీలకే. 750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర నిమిషానికి 1,500 తోపులు వచ్చే చోట 1,125 మాత్రమే వస్తాయి. తోపుకూ తోపుకూ మధ్య ఆ ఖాళీ స్టీరింగ్‌లో, సీటు కింద తెలుస్తుంది. ఇది ఇంజన్ తీరు, సర్వీసుతో పోదు. అయితే ఏసీ వేసినప్పుడు మాత్రమే డాష్‌బోర్డు గలగలమంటూ, ఆపగానే తగ్గిపోతుంటే ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు), ఐడిల్ వేగం చూపించాల్సిందే.

మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడపమంటే చాలామంది టాప్ గేరులో 40 మీద ఈడుస్తుంటారు. అది ఇంజన్‌కు మంచిది కాదు. సిలిండర్ గోడల మీద సన్నటి అడ్డగీతలు గీసి ఉంటాయి, రింగులు వాటికి ఒరుసుకుని కుదురుకోవాలి. అందుకు కొంత ఒత్తిడి కావాలి, అదీ మారుతూ ఉండాలి. 2,000 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య తిప్పుతూ, అప్పుడప్పుడూ సగం దాకా యాక్సిలరేటర్ ఇచ్చి వదులుతూ ఉంటే చాలు. ఒకే వేగంలో గంటలకొద్దీ పోవడం, చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయడం, నాలుగైదు గేర్లలో 1,500 కంటే కిందకు పడిపోయినా గేరు దించకపోవడం: మానుకోవాల్సినవి ఈ మూడు. మాన్యువల్ పుస్తకంలో వేరే పరిమితి రాసి ఉంటే అదే ప్రమాణం. టర్బో ఉన్న 1.0 లీటర్ బండి అయితే 1,800 దాటేదాకా కాస్త మందంగానే ఉంటుంది. ఆ కింద ఎంత తొక్కినా పెట్రోలు ఖర్చే, పికప్ రాదు. గేరు దించడమే దారి.

క్లచ్ పెడల్ లేకుండా తనంతట తానే గేర్లు మార్చుకునే ఏఎంటీ గురించి ఒక మాట. అందులో ఉన్నది మామూలు క్లచ్చే, దాన్ని తొక్కేది మోటారు. గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే తల ఊగిపోయేంత కుదుపు సగానికి సగం తగ్గుతుంది. ఎత్తు మీద బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, క్లచ్ కాలిపోతుంది. అక్కడ వాడాల్సింది బ్రేకు.

టెస్ట్ డ్రైవ్‌లో తెలియనిది బరువు. ఈ బండ్లు ఉజ్జాయింపుగా 900 నుంచి 1,000 కిలోలు ఉంటాయి. నలుగురు పెద్దవాళ్లు, సామాను కలిస్తే 300 కిలోల పైమాటే, అంటే బండి బరువులో మూడో వంతు. ఒక్కరున్నప్పుడు మూడో గేరులో ఎక్కిన ఫ్లైఓవర్, నిండా ఎక్కి ఏసీ వేస్తే రెండో గేరు అడుగుతుంది. ఓవర్‌టేక్‌కు కావాల్సిన దూరం కూడా పెరుగుతుంది, అది హైవే మీద ప్రాణం మీదికొచ్చే లెక్క. వెనక బరువు పడితే హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం దానికోసమే. ఒక్కరున్నప్పుడు సున్నా, బరువు పెరిగేకొద్దీ అంకె పెంచాలి.

మైలేజీకి స్క్రీన్ మీది అంకెను నమ్మొద్దు. పంపు దగ్గర మొదటి ఆటోకట్ దాకా, అంటే పంపు గొట్టం తనంతట తాను ఆగేదాకా, నింపి ట్రిప్ మీటరు సున్నా చేయండి, 400 కిలోమీటర్లు నడిపాక వీలైతే అదే పంపులో మళ్లీ మొదటి ఆటోకట్ దాకా నింపండి. 22 లీటర్లు పట్టిందంటే లీటరుకు 18.2. ఆటోకట్ తర్వాత ఇంకాస్త కొట్టించుకుంటే లెక్క చెడుతుంది. స్పీడోమీటరు కూడా అసలు వేగం కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది, అది నిబంధన ప్రకారమే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వదాని ప్రకారం అది అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ మాత్రం పది శాతం, ఆపైన 4 కిలోమీటర్ల దాకా చూపొచ్చు. అంటే నిజంగా 80లో ఉన్నప్పుడు 92 కనిపించినా తప్పు కాదు.

ఇప్పుడు ఎప్పటికీ మారని వాటి సంగతి. నా దృష్టిలో ముందు వరసలో ఉండాల్సినవి ఇవే. సీటులో వీపు ఆనించి కూర్చుని, చెయ్యి చాపి మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పెట్టండి. భుజం సీటు వదలకూడదు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చాలా చిన్న కార్లలో స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది కానీ ముందుకు రాదు. పొడుగు కాళ్లవాళ్లు కాళ్లకు సరిపెట్టుకుంటే చేతులకు అందదు. రెండు గంటలు నడిపితే నడుము చెప్తుంది, పది నిమిషాల టెస్ట్ డ్రైవ్ చెప్పదు.

ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలు ఇప్పటి బండ్లలో లావుగా వస్తున్నాయి. మలుపు తిరిగేటప్పుడు ఒక బైకు మొత్తం దాని వెనక దాక్కోగలదు. బైకు, మీరు ఒకే లెక్కలో కదులుతుంటే అది చివరిదాకా కనిపించదు. మలుపుకు ముందు తల రెండంగుళాలు ముందుకీ పక్కకీ వంచి చూడటం అలవాటు చేసుకోవాలి. వెనక కెమెరా గీతలు నేల మట్టాన్ని బట్టి గీసినవి. ఆగి ఉన్న లారీ వెనక భాగంలా నేలకు ఎత్తులో పొడుచుకొచ్చినవి స్క్రీన్ మీద దూరంగా కనిపిస్తాయి, నిజానికి అంతకంటే దగ్గరే ఉంటాయి.

కిటకిట శబ్దాల్లో చాలావాటికి కారణం చిన్నదే. ఖాళీ సీటు బెల్టు బకిల్ స్తంభానికి కొట్టుకోవడం, డిక్కీ మీది ట్రే వదులుగా ఉండటం, నంబర్ ప్లేటు వెనక స్పంజి లేకపోవడం. పక్కన ఒకరిని కూర్చోబెట్టి అనుమానమున్న భాగాన్ని అరచేత్తో నొక్కించండి, శబ్దం ఆగితే దొరికినట్టే. బండి ఒక పక్కకు లాగుతుంటే ముందు రోడ్డు వాలు చూడాలి. వాలు లేని చోటా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూఇటూ మార్చించండి, తిరిగే దిశ బాణం గుర్తు లేని టైర్లయితేనే. లాగే దిక్కు మారితే తప్పు టైరుది, మారకపోతే అలైన్‌మెంట్‌ది.

మొదటి సర్వీసుకు వెళ్లేటప్పుడు "ఏదో శబ్దం వస్తోంది" అంటే సర్వీస్ అడ్వైజర్ రాసుకునేది అంతే, తిరిగొచ్చేది కడిగిన బండి. ఏ వేగంలో, ఏ గేరులో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏసీ వేసినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా అన్నది జాబ్ కార్డులో రాయించండి. బండి అప్పగించే ముందే టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే వేగంలో, అదే గతుకు మీద వినిపించండి.