గ్రాఫ్ పట్టుకొచ్చాడు

వాన పడింది, ఉగ్గాని బాగా కుదిరింది. మంచి సంగతులు అంతే. ఇక నిద్ర పట్టనివ్వని విషయం.

సాయంత్రం కాల్‌లో కొత్తబ్బాయి, "మేడం, ప్రతి మెమరీ రీడ్‌కీ ఈ బౌండ్స్ చెక్ ఎందుకు? తీసేస్తే రన్‌టైమ్ ఫాస్టవుతుంది" అన్నాడు. బౌండ్స్ చెక్ అంటే, చదివే చోటు ఇచ్చిన మెమరీ హద్దులోనే ఉందా అని చూసుకోవడం. రన్‌టైమ్ అంటే వేరేవాళ్ల ప్రోగ్రాములను నడిపే మా సాఫ్ట్‌వేర్. పైగా గ్రాఫొకటి! దాన్ని చూసి మేనేజర్ మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

అనంతపురంలో కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. టర్బో సి నీలం తెర. పక్క సిస్టమ్‌ అమ్మాయి పది గడుల అర్రేలో సున్నాలు నింపుతోంది. లూప్ పదకొండో గడికి పోయింది. అక్కడ ఉన్నది లూప్ కౌంటరే! అందులో సున్నా పడగానే లెక్క మళ్లీ మొదటికి. ప్రోగ్రామ్ ఎంతకీ ఆగదు. సార్ వచ్చి చూసి, "వైరసమ్మా, రీస్టార్ట్ చెయ్" అన్నారు. మర్నాటి నుంచి ల్యాబులోకి ఫ్లాపీలు తేనివ్వలేదు. పాపం ఫ్లాపీలు.

జావా అయితే అక్కడికక్కడే ఎక్సెప్షన్ విసిరేది. సి అడగదు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం కూడా ఇదే బాపతు. అవతలివాడు చెప్పిన పొడవును ఓపెన్ఎస్ఎస్ఎల్ (వెబ్‌సైట్లు ఎన్‌క్రిప్షన్‌కి వాడే లైబ్రరీ) సరిచూడకుండా నమ్మి, అడిగినప్పుడల్లా 64 కేబీ దాకా పక్క మెమరీ ఇచ్చేసింది. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1980 ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో చెప్పాడు: ఆల్గాల్ 60 అనే పాత భాషకు తాము చేసిన కంపైలర్‌లో ఈ చెక్‌లు ఆపుకునే వీలు పెట్టమంటారా అంటే, కస్టమర్లంతా ఒక్క మాటగా వద్దన్నారట. మా మేనేజర్‌కి వినిపించాలి.

అత్తమ్మ వచ్చి "ఇంకా పడుకోలేదా" అని వెళ్లింది.

అయినా ఆలోచిస్తే, వాడు చూపించినవి వెబ్‌అసెంబ్లీ (మా రన్‌టైమ్ నడిపే కోడ్ రూపం) లోడ్‌లు, అంటే మెమరీ రీడ్‌లు. అడ్రస్ 32 బిట్లు, దానికి కూడే ఆఫ్‌సెట్ కలిపినా 8 జీబీ లోపే. అంత వర్చువల్ స్థలం ముందే రిజర్వ్ చేసి, వాడని పేజీలకు (మెమరీ ముక్కలకు) పర్మిషన్ ఇవ్వకపోతే, హద్దు దాటిన రీడ్‌ను ప్రాసెసరే పట్టేస్తుంది. దాన్ని రన్‌టైమ్ ట్రాప్‌గా, అంటే ఆ ప్రోగ్రామ్‌ను ఆపేసే ఎర్రర్‌గా మారుస్తుంది. విడిగా చెక్ ఇన్‌స్ట్రక్షన్ అక్కర్లేదు. ఆ వరకూ వాడిది న్యాయమే.

కానీ వాడు పంపిన అదే ప్యాచ్‌లో (కోడ్ మార్పులో), మేము సిలో రాసుకున్న కాపీ ఫంక్షన్‌లోని చెక్ కూడా ఎగిరిపోయింది! "పొడవు మన కంపైలరే ఇస్తుంది కదా" అట. ఇచ్చేది మన దాంట్లో నడిచే బయటివాళ్ల (గెస్ట్) ప్రోగ్రామ్, నాయనా. మొదలూ పొడవూ 32 బిట్లలో కలిపితే పట్టక పొంగి చిన్న సంఖ్యయి కూర్చుంటుందని, ఆ లైను మీద అంత జాగ్రత్త పడ్డాం. వాడు లైనే లేకుండా చేశాడు.

లోడ్‌లకు సరే అంటా. కాపీకి ఒప్పుకోను. మేనేజర్ ఆ గ్రాఫ్ ఇప్పటికే పైవాళ్లకు పంపి ఉంటాడు, అదే నా టెన్షన్.