ఒక్క ఊరి పేరు కోసం

శనివారం. స్కాట్లండ్‌లో మేముండే డండీలో నవంబర్ శనివారం అంటే పొద్దున ఎనిమిదింటికి గానీ తెల్లారదు, మధ్యాహ్నం నాలుగు కొట్టకముందే పొద్దుగూకుతుంది. ఇడ్లీ పిండి మళ్ళీ పొంగలేదు. గిన్నెకి దుప్పటి చుట్టి బాయిలర్ పక్కన పెట్టినా దానికి దయ కలగలేదు. అట్లు పోసుకుని సరిపెట్టుకున్నాం.

పదింటికి తలుపు చప్పుడు. పక్కింటి పెద్దావిడ. ఒక చేతిలో పాత బిస్కెట్ డబ్బా, ఇంకో చేతిలో ప్లేటు నిండా టాబ్లెట్. టాబ్లెట్ అంటే మందుబిళ్ళ కాదు. పంచదార, వెన్న, డబ్బాపాలు కలిపి దగ్గరపడేదాకా తిప్పి ముక్కలు కోసే ఇక్కడి స్వీటు. ఒక ముక్క తింటే పళ్ళు జివ్వుమంటాయి. అయినా రెండోది తింటాం.

"ఇవాళ నీకు పనేం లేదుగా, హెన్?" అన్నారు. హెన్ అంటే కోడిపెట్ట కదా అని మొదటి ఏడాదంతా లోపల్లోపల నొచ్చుకునేదాన్ని. మన "అమ్మడూ" లాంటి పిలుపని తర్వాత తెలిసింది.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. స్కూల్లో వంట చేసి రిటైరయ్యారు. కంప్యూటరంటే భయం లేదు గానీ నమ్మకం లేదు. మూడు వారాలుగా ఇద్దరం ఒకటే పని మీదున్నాం. ఆవిడ అమ్మమ్మ వాళ్ళమ్మ, అంటే ముత్తవ్వ, ఐర్లండ్‌లో ఏ ఊరినుంచి వచ్చిందో కనిపెట్టాలి. ఊరి పేరు ఒక్కటి చాలు. అది లేకపోతే ఐరిష్ వంశవృక్షం వేరు దాకా వెళ్ళదు. పేరేమో బ్రిజెట్. ఆ కాలంలో ఐర్లండ్‌లో బ్రిజెట్ లేని ఇల్లు లేదు. మనూళ్ళో అప్పలనరసమ్మని పేరుతో వెతికినట్టు.

వాళ్ళింట్లో ఒక కథ ఉంది. కుటుంబమంతా అమెరికా ఓడ ఎక్కిందట. కెప్టెన్ డబ్బులు తీసుకుని డండీలో దించేసి "ఇదే న్యూయార్క్" అని వెళ్ళిపోయాడట. వాళ్ళమ్మ ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేదట. కథ బాగుంది, ఆ ఓడకి ఆధారమే దొరకలేదు. దొరకదు కూడా. 1801 నుంచి ఐర్లండ్, బ్రిటన్ ఒకటే రాజ్యం. ఈ దరి నుంచి ఆ దరికి స్టీమరెక్కి వస్తే పాస్‌పోర్టు లేదు, పేర్ల పట్టీ లేదు. కొద్ది పెన్నీలిచ్చి డెక్కు మీద పశువుల పక్కన నిలబడి గ్లాస్గోలో దిగి, పనున్న చోటికి నడిచిపోయేవాళ్ళు. శ్రీకాకుళంలో హౌరా రైలెక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరు రాసుకున్నారు గనక? మా పెదతాత అలాగే టిటాగఢ్ జూట్ మిల్లుకి వెళ్ళాడు. వెళ్ళాడని చెప్పుకోవడమే తప్ప కాగితం ముక్క లేదు.

జూట్ మాట ఊరికే రాలేదు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే కాక్స్ స్టాక్ కనిపిస్తుంది. 282 అడుగుల ఇటుకల పొగగొట్టం, 1865-66లో కట్టారు. దాని కింద ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద జూట్ మిల్లు ఉండేది. బెంగాల్ జనపనార ఓడల్లో ఇక్కడికొచ్చేది, దాన్ని తిమింగలం నూనెతో మెత్తబరిచి గోనెగుడ్డ నేసేవాళ్ళు. ఐర్లండ్‌లోనేమో ఇంట్లో రాట్నం మీద అవిసెనార వడికి బతికే ఆడవాళ్ళ పని యంత్రాలొచ్చి పోయింది. ఆపైన 1845లో బంగాళాదుంపకి తెగులు పట్టింది. వేళ్ళకి దారం వడికే విద్య ఉంది, ఊళ్ళో తిండి లేదు. డండీ మిల్లులకి కావలసింది సరిగ్గా అదే, అదీ మగాళ్ళ కంటే తక్కువ కూలికి. అలా ఆడవాళ్ళు పనికెళ్ళి మగాళ్ళు ఇంట్లో కెటిల్ పెట్టే ఊరయింది ఇది. అలాంటి మగాళ్ళని "కెటిల్ బాయిలర్లు" అనేవాళ్ళట. పెద్దావిడ ఈ మాట చెప్పినప్పుడల్లా మా ఆయన వైపు చూసి నవ్వుతారు. ఆయన అప్పటికే టీ పెడుతుంటారు.

సరే, పనిలోకి. స్కాట్లండ్స్ పీపుల్ అని ప్రభుత్వ రికార్డుల సైటుంది. పేరు వెతకడం ఉచితం. అసలు పేజీ బొమ్మ తెరవాలంటే 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. 30 క్రెడిట్లు ఏడున్నర పౌండ్లకి కొన్నాం. ఆవిడ బిస్కెట్ డబ్బా తెరిచి, బొమ్మ తెరిచినప్పుడల్లా చిల్లర లెక్కపెట్టి నా టేబుల్ మీద పెడతారు. వద్దంటే ఊరుకోరు.

మొదటి ఒకటిన్నర పౌండు నా తొందర వల్ల పోయింది. మరణాల పట్టీలో బ్రిజెట్, భర్త ఇంటిపేరు సరిపోయింది, 1919, డండీ. తెరిచేశాను. తీరా చూస్తే ఆమె భర్త ఓడల వడ్రంగి. మన బ్రిజెట్ భర్తేమో మిల్లు కూలి. ఆమె పోయింది పూర్ హౌస్‌లో, అంటే దిక్కులేని పేదల్ని ఉంచే చోట. తెలియజేసినవారు అన్న గడిలో చుట్టం పేరు లేదు, అక్కడి ఉద్యోగి సంతకం ఉంది. తండ్రి పేరు ఉంది, తల్లి పేరు గడి ఖాళీ. "మనావిడ కాదు" అన్నాను. పెద్దావిడ తెర వంక కాసేపు చూసి "ప్రింట్ తియ్యి" అన్నారు. ఎందుకని అడగలేదు, తీశాను.

రెండోసారి 1921లో దొరికింది. ఇక్కడే స్కాట్లండ్ వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మరణ రికార్డులో భర్త పేరుతో బాటు ఆమె పుట్టింటి ఇంటిపేరు రాస్తారు. తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు, ఆ తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా. పెళ్ళి రికార్డులోనూ అంతే. సమాధి రాళ్ళ మీద కూడా ఆడవాళ్ళు పుట్టింటి పేర్లతోనే ఉంటారు. దానివల్ల ఆడవైపు దారి తెగిపోదు.

బ్రిజెట్ తల్లి పేరు ఆన్ అని ఉంది. పెద్దావిడ అమ్మమ్మ పేరూ ఆనే. సరైనావిడే దొరికిందని అప్పుడు గట్టిగా నమ్మాను. ఎందుకంటే వీళ్ళకొక పద్ధతుంది. మొదటి కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు. మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నాన్నమ్మ పేరు. అందరూ పాటించారని కాదు గానీ, వెతికేవాళ్ళకి మంచి ఆనవాలు. మనకి కొత్తా ఇది? మా ఇంట్లో ముగ్గురు సూర్యనారాయణలున్నారు, పెద్ద, చిన్న, బుల్లి అని పిలుస్తాం.

పెళ్ళి కాగితం మూడోది. ఇద్దరూ మిల్లు పనివాళ్ళు, చదువు రాదు. బ్రిజెట్ పేరు రాసి, మధ్యలో అడ్డంగా ఒక ఇంటూ గుర్తు. మన దస్తావేజుల్లో నిశానీ పెట్టినట్టే. ఆ ఇంటూ కూడా సూటిగా లేదు, ఒక గీత పొడుగు, ఒకటి పొట్టి, చివర కలం ఆగిపోయి సిరా చుక్క. పెద్దావిడ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని ఆ చుక్క మీద వేలు పెట్టారు. తెర మీద వేలిముద్ర పడింది, తుడవబుద్ధి కాలేదు.

ఇంతా చేసి ఊరేది? పుట్టిన చోటు అన్న గడి వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట, "ఐర్లండ్". ఐర్లండ్‌లో 60 వేలకి పైగా టౌన్‌లాండ్లున్నాయి, మన శివారు గ్రామాల్లాంటివి. ఎక్కడని వెతుకుతాం?

"మా వాళ్ళ కాగితాలన్నీ డబ్లిన్‌లో తగలబడ్డాయి కదా, ఇంక దొరకవులే" అన్నారు ఆవిడ. ఐరిష్ మూలాలున్న ప్రతివాళ్ళూ ఈ మాట అంటారు, అందులో సగమే నిజం. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గర రికార్డుల ఆఫీసు తగలబడి 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. 1861, 1871 లెక్కలనైతే మంటలు ముట్టుకోలేదు. అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసేసింది. 1881, 1891 వాటిని మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం కరువని గుజ్జు చేశారు. పనికిరానివనుకుని! కానీ కాథలిక్ చర్చి పుస్తకాలు చాలావరకు ఏ ఊరివి ఆ ఊళ్ళో ఉండటంతో బతికిపోయాయి. డబ్లిన్ నేషనల్ లైబ్రరీ వాటి బొమ్మల్ని 2015లో ఉచితంగా నెట్‌లో పెట్టింది కూడా. అయితే వాటిలోకి పోవాలన్నా ఊరు తెలియాలి. మళ్ళీ మొదటికే.

మధ్యాహ్నం పప్పుచారు పెట్టి, ఆ సందులో అమ్మకి ఫోన్ చేశాను. "నాన్నమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటమ్మా?" "ఎందుకే ఇప్పుడు, ఏమైనా పెళ్ళి సంబంధమా?" "ఊరికే." "బొబ్బిలి దగ్గర ఊరు. ఇంటిపేరు... మీ పెద్దత్తకి తెలియాలి." పెద్దత్త పోయి రెండేళ్ళు. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఆగాం. తర్వాత అమ్మ "మీ నాన్న గయ వెళ్ళినప్పుడు పండా దగ్గర తాతల పేర్లన్నీ రాయించారు" అంది. తాతలవి రాయించారు సరే. నాన్నమ్మతో పదిహేడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. ఆవిడకి ఏ కూర ఇష్టమో తెలుసు, మోకాలికి ఏ నూనె రాసుకునేదో తెలుసు, ఇది మాత్రం అడగలేదు.

భోజనమయ్యాక నాలుగో బొమ్మ, 1861 జనాభా లెక్క. ఒకే గదిలో ఏడుగురు. అందులో బ్రిజెట్, పదకొండేళ్ళు, ఐర్లండ్. కింద తమ్ముడు, అయిదేళ్ళు, పుట్టింది డండీ. నేను కుర్చీలోంచి లేచాను. అయిదేళ్ళంటే 1855లో పుట్టి ఉండొచ్చు!

ఈ 1855 సంగతి వెతికేవాళ్ళకే తెలుస్తుంది. స్కాట్లండ్‌లో జనన మరణాలు ప్రభుత్వం నమోదు చేయడం ఆ ఏడాది జనవరి 1న మొదలైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి ఏడాది అన్నీ అడిగారు. తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊళ్ళు, పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ, ఇదివరకు ఎంతమంది పిల్లలు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు. గుమాస్తాలు రాయలేక మొరపెట్టుకుంటే 1856 నుంచి చాలా గడులు తీసేశారు. ఆ ఒక్క ఏడాది పుట్టిన బిడ్డ ఇంట్లో ఉంటే లాటరీ తగిలినట్టే.

మిగిలిన ఆరు క్రెడిట్లూ దానికే పెట్టాం. పేజీ తెరుచుకునేలోపు టెన్షన్‌తో ఆవిడ ఇంకో టాబ్లెట్ ముక్క నోట్లో వేసుకున్నారు.

పెళ్ళి: 1848. చోటు: మొదట క్లో, తర్వాత చుట్టలు చుట్టిన నాలుగు అక్షరాలు, ఆ పక్కన మోనహన్ కౌంటీ. దాని పక్క గడిలో: బతికున్న ఆడపిల్ల ఒకరు, చనిపోయిన మగపిల్లాడు ఒకడు.

ఆ పిల్లాడి సంగతి వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. ఓడ కథలో కూడా లేడు. ఆవిడ ఏమీ అనలేదు, డబ్బా మూత మీద గోటితో చిన్నగా కొడుతూ కూర్చున్నారు.

నేను ఊరి మీద పడ్డాను. పెద్దది చేసి చూస్తే "క్లోనిస్" అని ఉంది. మోనహన్ ఊళ్ళ పట్టీలో అలాంటిది లేదు. ఉన్నది సి-ఎల్-ఓ-ఎన్-ఇ-ఎస్. "క్లోన్స్" అని చదివాను. ఎడిన్‌బరా దగ్గర క్లోనింగ్‌తో పుట్టించిన డాలీ గొర్రె గుర్తొచ్చి నవ్వొచ్చింది కూడా.

"క్లోన్స్ ఏంటి? అది క్లోనిస్!" అన్నారు ఆవిడ ఉలిక్కిపడి. "బారీ మెగ్విగన్ ఊరు!" వాళ్ళాయనకి బాక్సింగ్ పిచ్చి. 1985లో లండన్‌లో మెగ్విగన్ పెడ్రోసాని ఓడించి ఫెదర్‌వెయిట్ చాంపియన్ అయిన రాత్రి ఇంట్లో టీవీ ముందు పదిమంది చేరారట. "క్లోనిస్ సైక్లోన్" అని టీవీలో పదే పదే అరిచారట. రాసేదొకటి, పలికేదొకటి. 1855లో గుమాస్తా, చదువు రాని తండ్రి నోట విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఐరిష్ భాషలో ఆ ఊరు క్లూన్ ఓష్, అందులో క్లూన్ అంటే పచ్చికబయలు. నలభై ఏళ్ళ కిందటి బాక్సింగ్ మ్యాచ్ లేకపోతే నేను గొర్రె దగ్గరే ఆగిపోయేదాన్ని.

క్లోనిస్ పెద్ద పారిష్, అంటే ఒక చర్చి కింది ప్రాంతం. చర్చి పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి, బ్రిజెట్ బ్రిజిడా అవుతుంది, జేమ్స్ జాకోబస్ అవుతాడు. వచ్చే శనివారం నుంచి ఆ పని.

నాలుగవుతోంది, చీకటి పడిపోయింది. కాక్స్ స్టాక్ కనబడటం లేదు. ఆవిడ ఏడున్నర పౌండ్లు వరసగా పేర్చి, ప్రింట్లు అయిదూ మడతపెట్టి డబ్బాలో పెట్టుకుంటున్నారు. పూర్ హౌస్ బ్రిజెట్‌ది కూడా. "అది మనది కాదు కదండీ, పారేస్తానివ్వండి" అన్నాను.

"ఉండనీ, హెన్. ఆవిడ కోసం ఇంకెవరు ఒకటిన్నర పౌండు ఖర్చు పెడతారు?" అని మూత గట్టిగా నొక్కి, ఖాళీ ప్లేటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.