12 వోల్టులున్నా తిరగని మోటార్
మా లారీ వెనక యాక్సిల్‌కి 'లో', 'హై' అని రెండు గేర్లు, బటన్‌తో మారతాయి. ఆ బటన్ నొక్కితే యాక్సిల్ దగ్గర 'టిక్' అని ఒక్క చప్పుడు. అంతే. 'లో' నుంచి 'హై'కి మారనే లేదు.

పొద్దున్నుంచీ లారీ కిందే ఉన్నాను. ఆ గేరు మార్చే షిఫ్ట్ మోటార్ వైరు ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు. మోటారే పోయిందనుకుని విప్పేశా. బ్యాటరీకి నేరుగా తగిలిస్తే ఝుమ్మని తిరిగింది!

మళ్లీ బిగించి, ఈసారి వైరు కలిపే ఉంచి, తమ్ముణ్ణి బటన్ నొక్కి పట్టుకోమని కొలిచాను. 5 వోల్టులే. మిగతా 7 మోటార్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కనిపించాయి. కరెంటు వస్తోంది, అది బ్యాటరీకి తిరిగి వెళ్లే దారే (ఎర్త్) సరిగ్గా లేదు. ఎర్త్ బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా రాలింది.

శుభ్రంగా గీకి, బ్యాటరీ నుంచి విడిగా ఒక ఎర్త్ వైరు లాగాను. సాయంత్రం రోడ్డెక్కించి బటన్ నొక్కి, యాక్సిలరేటర్ వదలగానే హై పడిన ఆ చిన్న కుదుపు... ఎంత హాయిగా అనిపించిందో!