37 సెకన్ల ఆలస్యం

శుక్రవారం, మాఘ మాసం, అనంతపురం.

బడి నుంచి వచ్చి కాఫీ తాగి, ఏడు కాకముందే బైనాక్యులర్స్, స్టాప్‌వాచ్, నోటుపుస్తకం తీసుకుని మిద్దె ఎక్కాను. వానలు లేక ఈ జిల్లా పడే బాధ వేరుశనగ పండించే ఇంట్లో పుట్టిన నాకు బాగా తెలుసు. అయినా ఆకాశం చూసేవాడికి ఇన్ని తేట సాయంత్రాలు దొరకడం ఈ ఎండు గాలి చలవే. రోహిణి దాదాపు నడినెత్తిన ఉంది, దానికి వాయవ్యంగా కృత్తికలు. నేను ఎదురుచూస్తున్న అమెరికా నిఘా ఉపగ్రహం ఆ రెండింటినీ కలిపే గీతను సరిగ్గా 7 గంటల 8 నిమిషాల 12 సెకన్లకు దాటాలి.

ఆ క్షణానికి అక్కడ ఏమీ లేదు. కన్ను తిప్పకుండా సెకన్లు లెక్కపెడుతూ ఉండగా, ఉత్తరం నుంచి మినుకుమనని చిన్న చుక్క ఒకటి నిలకడగా వచ్చి గీతను దాటింది. స్టాప్‌వాచ్ నొక్కాను. 37 సెకన్ల ఆలస్యం. తలమీదుగా పోయేటప్పుడు అది సెకనుకు సుమారు ఒక డిగ్రీ, అంటే రెండు నిండు చందమామల వెడల్పంత జరుగుతుంది కనుక వేలు అర సెకను తడబడినా కొలత చెడుతుంది. కానీ 37 సెకన్లు వేలి తడబాటు కాదు.

వేల ఉపగ్రహాల కక్ష్యల అంకెలను అమెరికా సైన్యమే అందరికీ ఇస్తుంది, తన గూఢచారి ఉపగ్రహాలవి మాత్రం ఇవ్వదు. వాటి కక్ష్యలను మిద్దెల మీద, పెరళ్లలో నిలబడి కొలిచే మామూలు మనుషులే లెక్కగట్టుకోవాలి. 1966లో ఇంగ్లండులోని కెటరింగ్‌లో జెఫ్రీ పెర్రీ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తన విద్యార్థులతో కలిసి కాస్మాస్ 112 అనే సోవియట్ ఉపగ్రహం రేడియో సంకేతాలు విని, సోవియట్ వారు బయటపెట్టని ప్లెసెట్‌స్క్ రాకెట్ ప్రయోగ కేంద్రం ఉందని కనిపెట్టారు. బడిపంతులుగా ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

నాతో పాటు మిద్దె ఎక్కిన పక్కింటి పిల్లవాడు, "ఆలస్యంగా వచ్చిందంటే ఇంజన్ చెడిపోయిందా సార్?" అని అడిగాడు. చెడిపోలేదు, ఇంజన్ మండింది కాబట్టే ఆలస్యమైందని చెప్పాను. ముందుకు తోస్తే ఉపగ్రహం పైకి లేస్తుంది. గానుగెద్దును కట్టిన దూలం పొడవు పెంచితే చుట్టు పెద్దదైనట్టు దాని దారీ పెద్దదవుతుంది, పైగా ఎత్తు పెరిగేకొద్దీ నడక నెమ్మదిస్తుంది. దిగువన ఉన్న పలుచని గాలి రాపిడికి కక్ష్య దిగిపోతూ ఉంటే ఉపగ్రహం వేళకన్నా ముందే వస్తుంది. ఆలస్యంగా వచ్చిందంటే ఎవరో దాన్ని కావాలని పైకి లేపారన్నమాట.

"అన్నం సల్లారిపోతాంది, రా నాయనా" అని అమ్మ రెండుసార్లు పిలిచాక దిగి, తిన్న వెంటనే లెక్క ముందు కూర్చున్నాను. సగటు ఎత్తు ఒక కిలోమీటరు పెరిగితే ఒక్కో చుట్టుకు 1.2 సెకన్లకు కాస్త పైగా ఎక్కువ పడుతుంది. రోజుకు 15 చుట్లు కనుక రోజుకు 18, 19 సెకన్ల ఆలస్యం పోగవుతుంది. సోమవారం అది సరిగ్గా వేళకే వచ్చింది, నిన్న మృగశిర దగ్గర 18 సెకన్లు ఆలస్యమైంది, ఇవాళ 37. ఒక్క రాత్రి కొలత ఉంటే ఎప్పుడు లేపారో తెలిసేది కాదు. రెండు రాత్రుల కొలతలను గీతగా వెనక్కి లాగితే అది బుధవారం సాయంత్రం దగ్గర సున్నాను తాకింది. ఆ సాయంత్రం నేను తాడిపత్రిలో మేనమామ కూతురి పెళ్లిలో వడ్డన చేస్తూ ఉన్నాను.

మళ్లీ ఇంజన్ మండించకపోతే రేపు ఎంత ఆలస్యంగా రావాలో లెక్కవేసి, నోటుపుస్తకంలో రేపటి తేదీ ఎదుట పెన్సిలుతో 56 అని రాసుకున్నాను.