తడి తువ్వాలు

"వద్దమ్మా, నా కాళ్లు నువ్వు ముట్టుకోకు" అంటూ పెద్దావిడ కాలు వెనక్కి లాక్కుంది. మడమల నిండా పగుళ్లు, వాటిలో మట్టి. ఆవిడకి సిగ్గు.

గోరువెచ్చని నీళ్లలో తువ్వాలు ముంచి మెల్లగా తుడిచాను. కాసేపటికి రెండో కాలు ఆవిడే ముందుకు చాపింది.

బైబిల్లో యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు ప్రభువు శిష్యుల కాళ్లు కడుగుతుంటే పేతురు కూడా ఇలాగే వద్దన్నాడు కదా! ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం. కానీ ఆ రాత్రి ప్రభువు శిష్యుల్లో ఒకడైన యూదా కాళ్లు కూడా కడిగాడన్న సంగతి ఈరోజే గుండెకు తగిలింది. అతను తనను శత్రువులకు అప్పగించబోతున్నాడని తెలిసి కూడా కడిగాడు. నేనైతే నాకు నచ్చినవాళ్లకే చేస్తాను. పైగా వాళ్లు థాంక్స్ చెప్పాలని చూస్తాను.

ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒక్క ముఖమే గుర్తొస్తోంది. ఆరు నెలలుగా నేను పలకరించని మనిషి. ప్రభువా, ఆ గుమ్మం దాకా నన్ను నడిపించు.