అటు నుంచి ఇటా, ఇటు నుంచి అటా?

నెట్ సెంటర్ కుర్రాడు స్క్రీన్ మీద నా ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ దరఖాస్తు చూశాడు, నా ముఖం చూశాడు, మళ్ళీ స్క్రీన్ చూశాడు. “అంటే మీరు... అటు నుంచి ఇటాండీ, ఇటు నుంచి అటాండీ?” అన్నాడు, రేవులో ఏరు దాటించే పంటుకి టికెట్టు ఇచ్చేవాడిలా.

“అటు నుంచి ఇటు” అన్నాను.

“ఆయ్” అన్నాడు. అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది.

2022 జూలై వరద తగ్గి, గోదావరి మీద పంట్లు మళ్ళీ తిరుగుతున్న రోజులవి. నాకు 26 ఏళ్ళు. ఆడపిల్లగా పుట్టాను. మా వీధిలో నాకున్న పేరు ‘మగరాయుడు’. పదేళ్ళ వయసు దాకా ఆ మాటలో ముద్దు ఉంటుంది, ఆ తర్వాత తిట్టు అవుతుంది. మా వైపు ఆడపిల్లలకు ఓణీల ఫంక్షన్, మగపిల్లలకు పంచెల ఫంక్షన్ చేస్తారు కదా. నాకూ మా మేనమామ కొడుక్కీ ఒకే పందిట్లో చేశారు. ఏ ఫోటోలో చూసినా నేను కెమెరా వైపు కాకుండా వాడి పంచె వైపే చూస్తూ ఉంటాను. ఆ ఆల్బమ్ బీరువాలోనే ఉంది. అమ్మ దాన్ని బయటికి తియ్యదు, అలాగని పారెయ్యదు.

రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాస్తాను. చొక్కా, ప్యాంటు, కత్తిరించిన జుట్టు. మా ఓనరుగారు మొదటిరోజే “ఒరే అబ్బాయ్” అన్నారు, నేనూ పలికాను. చిక్కల్లా కాగితాలతోనే. జీతం కోసం ఖాతా తెరవడానికి ఆధార్ ఇస్తే, కౌంటర్‌లో ఆయన కార్డు వెనక్కిచ్చి “మీ అక్కగారిది కాదు బాబూ, మీది పట్రండి” అన్నారు. తప్పు ఆయనది కాదు. కాసేపు ఆలోచించి, అక్క కార్డు పట్టుకెళ్తున్నట్టే బయటికొచ్చేశాను.

ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ సంగతి అప్పుడే వెతికాను. 2019 చట్టం ప్రకారం దాన్ని ఇచ్చేది కలెక్టరు. దరఖాస్తు పెట్టడానికి కేంద్ర ప్రభుత్వ పోర్టల్ 2020 నవంబరులో మొదలైంది. అప్పట్లో అడిగింది ఫోటో, గుర్తింపు కార్డు, స్టాంపు పేపరు మీద అఫిడవిట్, అంతే. ఓనరుగారికి చెబితే “ఓస్, కోర్టు ఎప్పుడో ఒప్పేసుకుందిగా, 377 అని” అన్నారు. అది వేరండీ, స్వలింగ సంబంధం నేరమనే 377 సెక్షన్ మీద 2018 సెప్టెంబరు 6న వచ్చిన తీర్పు ఎవరు ఎవరిని ఇష్టపడొచ్చన్న దాని గురించి, నాది నేనెవరన్న గొడవ అని చెప్పాను. “రెండూ ఒకటి కాదా?” అని నిజంగానే ఆశ్చర్యపోయారు. మంచాయన. ఆ రోజు సగం పూట సెలవిచ్చారు.

నోటరీ దగ్గర ఆగిపోయాను. “డాక్టరు కాగితం లేకుండా ఎలాగమ్మా?” అంటారాయన. 2020లో వచ్చిన రూల్స్ ప్రింటు తీసి, వైద్య పరీక్ష అక్కర్లేదన్న చోట పెన్నుతో గీత గీసి తీసుకెళ్ళాను. రెండుసార్లు చదివారు. “మరి ఆడపిల్లలకి కూడా ఉంటుందా ఇది?” అన్నారు. చట్టంలో ట్రాన్స్‌మ్యాన్, అంటే ఆడపిల్లగా పుట్టిన మగవాడు, అన్న మాట ఉన్న లైను చూపించాను. సంతకం పెట్టేటప్పుడు మాత్రం “బాగా ఆలోచించుకున్నావా?” అని అడిగారు. ఏమ్మా అనలేదు, బాబూ అనలేదు. ఏదీ అనకుండా అడిగిన మొదటి మనిషి ఆయన.

దరఖాస్తు వెళ్ళింది. మూడు వారాల తర్వాత ఎంక్వయిరీ ఫోన్ వచ్చింది. నేను ఇచ్చిన రెండో నంబరు అమ్మది. అవతలివాళ్ళు “మీ ఇంట్లో ట్రాన్స్‌జెండర్ ఎవరైనా ఉన్నారామ్మా?” అని అడిగారట. అమ్మ లేసు అల్లుతూ “మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరండి, రాంగ్ నంబరేమో చూసుకోండి” అని పెట్టేసింది. రాత్రి అన్నం తింటూ, ఎవరో పిచ్చి ఫోన్ చేశారని నాకే చెప్పింది.

ముద్ద గొంతులోనే ఉండిపోయింది. అమ్మ అబద్ధం ఆడలేదు. షాపుల ముందు చప్పట్లు కొట్టి డబ్బులడిగే ఆడవాళ్ళే ట్రాన్స్‌జెండర్లని ఆమె లెక్క. నేనని చెప్పాను.

చాలాసేపటికి “వాళ్ళు చీర కట్టుకుంటామంటారు. నువ్వు చీర కట్టనంటున్నావు. మరి నువ్వు వాళ్ళెలా అవుతావు?” అంది.

ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రైల్లో వాళ్ళు ఎక్కితే నేనూ కిటికీలోంచి బయటికి చూసినవాణ్ణే. నన్నూ వాళ్ళతో జమకడతారేమోనన్న భయం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఎవరి లింగం వాళ్ళే చెప్పుకోవచ్చన్న కేసులో ముందు నిలబడి కొట్లాడింది లక్ష్మీ నారాయణ్ త్రిపాఠి లాంటి హిజ్రాలు. వాళ్ళు తెచ్చిపెట్టిన కాగితం కోసమే నేను తిరుగుతున్నాను.

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే చెప్పులేసుకుని “ఎక్కడా ఆఫీసు?” అంది. పంటులో మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి అవతలి ఒడ్డు వచ్చేదాకా నీళ్ళకేసే చూసింది. ఆఫీసులో గుమస్తా తలెత్తకుండా “పింఛనుకేనా?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ “పింఛను కాదండి, పేరుకండి” అంది. అతను తలెత్తాడు. “నిన్న కాక మొన్న ఫోన్‌లో లేరని చెప్పింది నేనేనండి. ఉన్నారండి.”

అప్పటి రూల్స్‌లో గడువు 30 రోజులు. నాకు 70 పైనే పట్టింది. మధ్యలో తిరిగిన తిరుగుళ్ళు రాయను, ఏ ఆఫీసులో ఏ పనికైనా అవే. సర్టిఫికెట్‌లో నేను పెట్టుకున్న పేరుంది. లింగం దగ్గర ‘ట్రాన్స్‌జెండర్’ అని ఉంది, పురుషుడు అని కాదు. అప్పటి చట్టం ప్రకారం దానికి ఆపరేషన్ చేయించుకుని, ఆస్పత్రి కాగితంతో మళ్ళీ పెట్టుకోవాలి. అక్కర్లేదని కోర్టు 2014లో అన్నదాన్నే చట్టం 2019లో అడిగింది. నాకిది మింగుడుపడలేదు. అయినా ఆ కాగితంతోనే ఆధార్ మారింది, ఖాతా తెరుచుకుంది. కౌంటర్‌లో అదే ఆయన. ఈసారి కార్డు వెనక్కివ్వలేదు.

ఇంట్లో మాత్రం వేరే కష్టం వచ్చిపడింది. తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే ఆడా తెలియదు, మగా తెలియదు. అందుకే చిన్నప్పటి నుంచి నా గురించి నేను మాట్లాడుకున్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఇంకొకరు నా గురించి నోరు తెరిస్తేనే వచ్చిందా, వచ్చాడా అని తేల్చాలి. అమ్మకి ‘వచ్చింది’ అనడం మానాలని ఉంది. ‘వచ్చాడు’ అనడానికి నోరు రావడంలేదు.

మొన్న సాయంత్రం నేను బండి ఆపుతుంటే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి “ఎవరొచ్చారు వదినా?” అని అడిగింది.

“మావాళ్ళు వచ్చారు” అంది అమ్మ.

“ఎంతమందేంటి?”

“ఒక్కళ్ళే.”